గోధుమ తాగిన మంచినీళ్లు

మంచినీళ్ల ట్యాంకరు ఆ రోజు కూడా కూలీల క్యాంపు ముందు ఆగలేదు. ఖాళీ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ మనుషుల మొహాన దుమ్ము కొట్టి, తిన్నగా పోయి కొత్తగా విత్తిన గోధుమ మడి గట్టున ఆగింది. "యల్లా, పైపు!" అని ఫారం మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, మహీధర్ కేకేశాడు. వరసలోంచి నలుగురు డబ్బాలు కింద పెట్టి వెళ్లారు. బరువైన పైపును భుజాల మీద ఈడ్చుకెళ్లి, తాము తాగాల్సిన నీళ్లను తామే ఇసుకలోకి వదిలారు. మిగిలినవాళ్లు బెంగాలీలో, నేపాలీలో, తెలుగులో ఎవరికొచ్చిన తిట్లు వాళ్లు తిట్టారు. పైపు మోసిన నలుగురిలో ఒకడైన లింబాద్రి మాత్రం నోరెత్తలేదు. ఆ నీళ్లు అటు మళ్లడంలో తన చెయ్యి ఉందని అతనికీ తెలుసు, అందరికీ తెలుసు.

అల్ ధైద్ ఊరు దాటాక అరబ్బు ఎడారిలో ఉంది ఆ ఫారం. ఏటా చలికాలం ముందు అక్కడ మేకలకీ ఒంటెలకీ బార్లీ వేసేవాళ్లు. బార్లీ మొండిది, బోరు ఉప్పునీళ్లతోనే లేచి నిలబడుతుంది. 2014లో మాత్రం ఫారం యజమాని కఫీల్‌కి ఇసుకలో గోధుమ పండించి పెద్దవాళ్లకు చూపించాలని సరదా పుట్టింది. గోధుమకు మొలిచేదాకా తీపినీళ్లు కావాలి. ఆ సంగతి విజయవాడలో వ్యవసాయం చదివొచ్చిన మహీధర్‌కు తెలుసు. ఇంకో ట్యాంకరు ఇమ్మని అడిగాడు. కఫీల్ కుదరదన్నాడు.

"ఉన్న ట్యాంకరుతోనే సర్దుకోవాలయ్యా," అన్నాడు మహీధర్ గట్టు మీద నిలబడి.

"సర్దుకుంటం సార్. రెండు తడులే గద, ఎన్క బోరు నీళ్లు తాగుతది," అనేశాడు లింబాద్రి.

ఎవరినీ అడగలేదు. నిజామాబాదు జిల్లాలో బోర్లు ఎండి, యాసంగి పంట వదిలేసి వచ్చిన మనిషి. గోధుమ గింజలు దోసిట్లోకి రాగానే ఒళ్లు మరిచిపోయాడు. ఇంటి దగ్గర కూడా అంతే, బిందెలో మిగిలిన నీళ్లు తీసుకెళ్లి మొక్కకు పోసిన బాపతు. పిచ్చివాడు, అది తన చేను కాదన్న మాటే తట్టలేదు. రెండు తడులు నాలుగయ్యాయి, ఇసుక ఎంత పోసినా తాగేస్తూనే ఉంది. క్యాంపు వైపు ట్యాంకరు మళ్లీ తిరగలేదు. మనుషులు బోరు నీళ్లు కాచుకుని తాగారు. కాచితే ఉప్పు పోతుందా? ఇంకా చిక్కబడింది.

ముందుగా పడిపోయింది వంట చేసే సనావుల్లా. నెల్లూరు ముసలాయన, అందరికీ చాచా. నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే మహీధర్ నొప్పి బిళ్లలిచ్చాడు. మూత్రంలో నెత్తురు పడ్డాక గానీ ఆస్పత్రికి పికప్ ఎక్కించలేదు. తోడు వెళ్లిన హయాత్ బాషా సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు. "కిడ్నీలు పోయినాయంట. మిషను పెట్టినారు," అని వంటగది గడప మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం అందరూ అక్కడే మూగారు. పొయ్యి వెలగలేదు. రాయచోటి నుంచి వచ్చి ట్రాక్టరు తోలే బాషా ముందు లింబాద్రి మీదికే లేచాడు.

"సర్దుకుంటామని చెప్పింది నువ్వు గాదా? మా గొంతులు ఎండబెట్టేదానికి నువ్వెవురు? అది నీ అబ్బ చేనా?"

"తప్పయింది భాయ్," అన్నాడు లింబాద్రి. "ఇత్తనం సూడంగనే ఇంటికాడ ఉన్నట్టనిపిచ్చింది. నా చేనే అనుకున్న."

బాషా మళ్లీ గడప మీద కూర్చున్నాడు. "మనది గానిదాన్ని మనదే అనిపిస్తాండారు సూడు, ఆడ ఉండాది వాళ్ల తెలివి," అన్నాడు. "పైపు కోసేద్దాం రాండి. ఎవురు కోసినారో ఎవునికీ తెలీదు."

"కోస్తే కొత్త పైపు తెస్తరు. దొంగల లెక్క మనకెందుకు?" లింబాద్రి లేచి నిలబడ్డాడు. "గా పైపు మోసేటోళ్లం మనమే. మనం ఎత్తకుంటె ఎవడెత్తుతడు? పట్టపగలు, అందరం, మొఖం మీదనే జెప్దాం."

"కామ్ బంద్ కియా తో జైల్ హోగా," అన్నాడొక నేపాలీ, వణికే గొంతుతో. పని ఆపితే జైలు ఒక్కటేనా, వేలిముద్రలు తీసుకుని తిప్పి పంపేస్తారు, మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. ఆ మాటతో సగం మంది తలలు దించుకున్నారు. అరుచుకున్నారు, ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. గొడవ మధ్యలో ఎవరో సనావుల్లా మంచం పక్కనున్న చెంబు తెచ్చి నడుమ పెట్టారు. అడుగున ఉప్పు తెల్లగా పేరుకుపోయి ఉంది. పట్టుకున్న కాలర్లు వదిలేశారు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. "యల్లా, పైపు!" అన్నాడు మహీధర్. ఎవరూ కదల్లేదు. డబ్బాలతో వచ్చి ట్యాంకరు చుట్టూ నిలబడ్డారు. మహీధర్ బెదిరించాడు, బతిమాలాడు, చివరికి లింబాద్రి దగ్గరికొచ్చాడు.

"నువ్వు రైతువయ్యా. నీ చేత్తో విత్తావు. మొలక ఇప్పుడే పైకొచ్చింది, ఇవాళ తడి పెట్టకపోతే మాడిపోతుంది. చేతులారా చంపుకుంటావా?"

లింబాద్రి మడి వైపు చూశాడు. ఇసుకలో పచ్చటి సూదులు బారులు తీరి ఉన్నాయి.

"సస్తది సార్, నాకెరుకే," అన్నాడు. "చాచా గూడ గిట్లనే ఎండిండు. గప్పుడు మీరు ఉరికి రాలె."

ట్యాంకరు కుళాయి తిప్పి డబ్బా కింద పెట్టాడు. పఠాన్ డ్రైవరు అడ్డు చెప్పకుండా నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాడు.

మహీధర్ ఫోనుకు పోలీసు జీపు వచ్చేసరికి సగం డబ్బాలు నిండాయి. మహీధర్ వేలు చూపించిన లింబాద్రినీ బాషానీ సంకెళ్లు వేసి జీపెక్కించారు. "ఇప్పుడైనా ఎత్తండి!" అని అరిచాడు మహీధర్. ఎవరూ వంగలేదు. తనే ఒక కొస పట్టుకుని లాగాడు. పైపు జానెడు కూడా కదల్లేదు.

అప్పుడు జైలని వణికిన ఆ నేపాలీయే డబ్బా కింద పెట్టి జీపు దగ్గరికెళ్లాడు. "ముఝే భీ లే చలో," అన్నాడు. అతని వెనక ఇంకొకడు, ఆ వెనక ఇద్దరు బెంగాలీలు, తర్వాత వరస మొత్తం. జీపులో చోటు లేదు. పోలీసులు మొహాలు చూసుకుని, పెద్ద బస్సు పంపమని ఫోన్ చేశారు.

బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. ఎండ ముదిరింది. మడిలో మొలక ఒక్కొక్క బారే వాలిపోతుంటే లింబాద్రి జీపు కిటికీలోంచి చూసి ఏడ్చాడు. ఎవరో గ్లాసు లోపలికి అందించారు. సంకెళ్ల చేతులతో పట్టుకుని ఏడుస్తూనే తాగాడు, గ్లాసు బాషాకిచ్చాడు. బయట మనుషులు ట్యాంకరు నీడలో కూర్చుని, పోలీసులు చూస్తుండగానే, బస్సు వచ్చేదాకా కడుపునిండా మంచినీళ్లు తాగారు.