ఒక్క స్వరం పలికే పెట్టె

అక్కది కీచుగొంతు. చిన్నప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివర ఆడుకుంటున్న తమ్ముడు ఆట మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. "నువ్వు ఈల మింగి పుట్టావే" అని తల్లి నవ్వేది. తమ్ముడి చెవులకు అన్నిటికంటే ముందు దూరమైంది ఆ గొంతే.

తమ్ముడు వయసంతా ఒక పాటల బృందంలో బేస్ గిటారు వాయించాడు. వెనక వరసలో డ్రమ్ముల పక్కన నిలబడి అట్టడుగు స్వరాలు పలికించేవాడు కాబట్టి తోటివాళ్లు 'మంద్రం' అని పేరు పెట్టారు. అసలు పేరు మరుగున పడి ఆ పేరే నిలిచింది. ఆ డ్రమ్ముల పక్కన నిలబడటమే చెవుల్ని తినేసిందని డాక్టరు తేల్చాడు.

"పై శబ్దాలన్నీ పోయాయమ్మా. అడుగు శబ్దాలు కొంచెం మిగిలాయి. అవీ పోతాయి. ఎప్పుడని మాత్రం అడగొద్దు" అన్నాడు.

అక్క అడగనే అడిగింది. ఆమె అలాంటి మనిషి. బస్సు కదలకముందే ఏడ్చే రకం. తల్లి మంచం పట్టిన మొదటి రోజే కన్నీళ్లు పెట్టుకుంది. భర్తకు దగ్గు వచ్చినప్పుడల్లా అతను లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుని వణికేది. చివరికి అతనూ పోయాక, పెళ్లి మాటే తలపెట్టని తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. ఇద్దరిదీ ఒక పాత మేడలో పై వాటా. నేలంతా చెక్కపలకలు. నడిస్తే కిర్రుమంటాయి.

తమ్ముడు పెదవులు చూసి మాట పట్టేవాడు. మొహం తిప్పుకుంటే అంతే సంగతులు. వెనక గదిలో కిటికీ దగ్గర కూర్చుని, పాత బృందం వాళ్ల తెగిన వైర్లు అతుకుతూ ఉండేవాడు. భోజనానికి పిలవాలంటే అక్క వెళ్లి భుజం తట్టాలి. తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడేవాడు. ఆ ఉలికిపాటు చూసి ఆమెకు ప్రాణం చివుక్కుమనేది.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ తమ్ముడు ఉన్నట్టుండి తల ఎత్తాడు. "లారీ ఏదో ఆగినట్టుందే?"

అక్క కిటికీలోంచి తొంగి చూసింది. నిజంగానే వీధిలో లారీ ఒకటి ఇంజన్ ఆపకుండా నిలబడి గుర్రుమంటోంది. తమ్ముడి మొహం వెలిగిపోయింది. ఎంతకాలమైందో ఆ మొహం అలా చూసి.

"గిటారు మళ్లీ తియ్యరా" అంది, పెదవులు నిదానంగా కదుపుతూ.

అతను వంకర తిరిగిన వేళ్లు చూపించాడు. "వీటితోనా? తీగ నొక్కేలోగా తెల్లారుతుంది. మీటలుండే సింథసైజర్ అయితే ఒక్క వేలు చాలు. అదీ అనలాగ్‌ది, కంప్యూటరు లేకుండా కరెంటే శబ్దమయ్యేది. అడుగు స్వరం దానిలాగా ఇంకేదీ పలకదు."

మరి డబ్బో అన్నట్టు అక్క బొటనవేలూ చూపుడువేలూ రుద్ది చూపించింది.

"మనకి అందేవీ ఉంటాయిలే. పెద్దింటి పిల్లని అడుగుతున్నామా ఏంటి!"

పాత వాద్యాలు అమ్మే దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. దుకాణం నడిపే అమ్మాయి జడలో పెన్సిల్ గుచ్చుకుని, విప్పేసిన కీబోర్డు ముందు కూర్చుంది. విషయం విని ముందు నిగనిగలాడే పెట్టె ఒకటి తెచ్చింది.

"ఇందులో వందల శబ్దాలున్నాయండీ. వేణువుంది, వర్షముంది, పిట్టలున్నాయి."

మంద్రం చెయ్యి అడ్డంగా ఊపాడు. "పిట్టలు ఎగిరిపోయి చాలాకాలమైందమ్మా. నాకు అడుగు కావాలి."

రెండోది చిన్నది, కొత్తది, అనలాగ్‌దే. ధరా తక్కువే. మీటలు మరీ బుల్లివి. అతను అట్టడుగు మీట నొక్కి, గుండ్రటి బిరడా ఒకటి అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు. "గొంతు శుభ్రంగా ఉంది. బరువు లేదు."

అప్పుడు ఆ అమ్మాయి మూలనున్న గుడ్డ తీసింది. దాని కింద గీతలు పడిన పాత పెట్టె ఒకటుంది. ఒక తెల్ల మీట విరిగితే దాని చోట గోధుమరంగుది అతికించారు.

"ఇది చవకగా ఇచ్చేస్తానండీ. ఎందుకంటే దీనికి మతిమరుపు. కుదిర్చిన శబ్దాన్ని దాచుకోదు. ప్రతిసారీ బిరడాలన్నీ మళ్లీ తిప్పుకోవాలి. పైగా వేడెక్కేదాకా శ్రుతి నిలవదు. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది. కానీ లోపల శబ్దం పుట్టించేవి రెండున్నాయి. రెండూ కలిస్తే..." అని చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"మతిమరుపుంటే ఏం, ఇంటిల్లిపాదికీ ఉన్నదే" అంది అక్క.

మంద్రం చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. చెక్క నేల మీద వట్టి పాదాలతో నిలబడ్డాడు.

"ఏంటి బాబాయిగారూ, కాళ్లతో వాయిస్తారా?" అని నవ్వింది ఆ అమ్మాయి.

"వాడికది పాత అలవాటమ్మా" అంది అక్క. "వేదికెక్కితే చెప్పులుండేవి కావు. డ్రమ్ము దెబ్బ కాళ్లకి తెలియాలట."

మీట నొక్కాడు. గాజు తలుపు జిల్లుమంది. అక్క పక్కటెముకల్లో ఏదో కదిలింది. అతను కళ్లు మూసుకున్నాడు. మీట మీది వేలు తీయలేదు. చాలాసేపటికి కళ్లు తెరిచి, "ఇదేనక్కా" అన్నాడు. ఆ అనడం చూసి అక్క పక్కకు తిరిగి కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

"స్పీకరు మాత్రం పెద్దది తీసుకోండి" అంది ఆ అమ్మాయి. "గొంతు ఎంత లోతుగా ఉన్నా నోరు చిన్నదైతే బయటికి రాదు." చెక్కపెట్టెలో బిగించిన పాత స్పీకరు ఒకటి చూసిచ్చింది.

ఇంట్లో ముందుగదిలో స్పీకరును నేల మీద, సింథసైజర్‌ను బల్ల మీద పెట్టారు. తమ్ముడు శబ్దం కుదిర్చి, ప్రతి బిరడా పక్కనా తెల్లరంగు చుక్క పెట్టాడు. ఆ చుక్కలకెదురుగా తిప్పితే చాలు. అక్క తడబడుతూ నేర్చుకుంది. పొయ్యి మీద అన్నం పెట్టేముందు పెట్టె స్విచ్చి వేసేది. అన్నం ఉడికేలోగా అది వేడెక్కేది. వంటయ్యాక ఒకసారి నొక్కితే భోజనం. రెండుసార్లయితే టీ. ఆగకుండా నొక్కిపట్టిందంటే ఎవరో వచ్చారని.

వెనక గదిలోంచి వెంటనే జవాబొచ్చేది. "వస్తున్నానక్కా!"

భుజం తట్టే పని తప్పింది. అతను ఉలిక్కిపడటం మానేశాడు. తన గొంతు పోయినా ఇంకో గొంతు దొరికిందనుకుంది అక్క. "ఈల మింగినదాన్ని, ఇప్పుడు ఉరుము మింగాను" అని తనలో తనే నవ్వుకునేది. మళ్లీ భయం పట్టుకునేది. ఏదో ఒక రోజు నొక్కితే అతను పలకడు. ఆ రోజు ఎలా ఉంటుందో అని ప్రతి పూటా మీట మీద వేలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగేది. నొక్కేది. "వస్తున్నానక్కా!" హమ్మయ్య అనుకునేది.

చలికాలం వచ్చింది. అక్క ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చింది. అతను చూసి, బాగున్నాయని మెచ్చుకుని, మడతపెట్టి అరలో పెట్టాడు. "పాదాలు మంచుగడ్డలవుతాయిరా" అని ఎంత పోరినా తొడుక్కోలేదు. మొండిఘటం.

ఒకరోజు కింది వాటాలోని టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. మంచిది, నొచ్చుకుంటూనే చెప్పింది. "ఏమీ అనుకోకండి పిన్నిగారూ. మీరు భోజనానికి పిలిచినప్పుడల్లా మా అల్మరాలో కప్పులు కబుర్లాడుకుంటున్నాయి. నిన్న ఒకటి కబుర్ల మధ్యలో కిందికే దూకేసింది."

"అయ్యో తల్లీ!" అని అక్క నొచ్చుకుంది. మర్నాడు ట్రంకుపెట్టె అడుగునున్న పాత బొంత తీసి, మందంగా మడిచి, స్పీకరు కింద వేసింది. శబ్దం తగ్గలేదు. తన చెవికి అంతే గట్టిగా ఉంది. కింద మాత్రం అదరదు. తన తెలివికి తనే మురిసిపోయింది.

వంటయ్యాక మీట నొక్కింది.

జవాబు లేదు.

మళ్లీ నొక్కింది. గోడనున్న అద్దం సన్నగా వణికింది. వెనక గదిలోంచి ఏమీ లేదు. అక్క గుమ్మం దాకా వెళ్లింది. తమ్ముడు వీపు ఇటు పెట్టి, తల వంచి వైరు అతుకుతున్నాడు. వట్టి పాదాలు రెండూ చెక్క నేలకు అంటుకుని ఉన్నాయి. చలికి నీలంగా తేలాయి.

ఆమె ఆ పాదాల వంక చూస్తూ నిలబడిపోయింది. దుకాణంలో పక్కన విప్పి పెట్టిన చెప్పులు గుర్తొచ్చాయి. అరలో మడత విప్పని మేజోళ్లు గుర్తొచ్చాయి.

వెనక్కి వచ్చి, వంగి, స్పీకరు కింది బొంత లాగేసింది. చెక్క మీద చెక్క ఆనేలా స్పీకరును సర్దింది. మీట నొక్కింది, ఇందాకటిలాగే.

"వస్తున్నానక్కా!" అన్నాడు తమ్ముడు లోపలినుంచి. "ఇవాళ మరీ గట్టిగా నొక్కావే. చెవులు గింగురుమన్నాయి!"

అక్క పొయ్యి వైపు తిరిగి గిన్నె మీది మూత తీసింది. మొహానికి ఆవిరి కొట్టింది. అది మంచిదే అయింది.

డాక్టరు చెప్పిన ఆ కొంచెం ఎప్పుడు పోయింది? పోయిన నెలలోనా? పెట్టె కొనకముందేనా? లారీ ఆగిన ఆ మధ్యాహ్నం అతను విన్నది చెవితోనా, కాళ్లతోనా? బస్సు కదలకముందే ఏడ్చే ఆమెకు ఈసారి బస్సు ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలియలేదు. ఆమె ఏడవకూడదనే అతను చెప్పలేదు.

"ఏంటక్కా అలా ఉన్నావు?" అన్నాడు కంచం ముందు కూర్చుంటూ.

"ఉల్లిపాయలురా" అంది, పెదవులు స్పష్టంగా కదుపుతూ.

అతను కూర వైపు చూశాడు. అందులో ఉల్లిపాయల్లేవు. అన్నం కలుపుకున్నాడు.

సాయంత్రం అక్క మేజోళ్లు తీసి తన బట్టల అడుగున దాచేసింది. బొంతను కత్తెరతో ముక్కలు కోసి, సంచిలో వేసుకుని, మెట్లు దిగింది.

"మీ అల్మరా అరల్లో ఇవి పరుస్తానమ్మా. కప్పుల కింద మెత్తగా ఉంటే కదలవు. పగిలినదానికి బదులు మా ఇంట్లోది తెచ్చాను" అంది.

టీచరమ్మ కప్పులు ఒక్కొక్కటే దించి అందిస్తుంటే, అక్క బొంత ముక్కలు పరిచి, వాటి మీద ఒక్కొక్కటే మళ్లీ పెట్టింది.

"మేడ మీద స్పీకరు కిందే వెయ్యొచ్చు కదండీ, ఇంత శ్రమ లేకుండా?"

"వేస్తే వాడికి సరిగా వినబడదమ్మా" అంది అక్క.

"వినబడుతోందా ఇంకా? పోనీలెండి, అదే చాలు."

"ఒక్క స్వరం వినబడుతుంది" అంది అక్క. అంటూ ఆఖరి కప్పు చెవి పట్టుకుని, చప్పుడు కాకుండా బొంత మీద ఆనించింది.