దుర్వాస కాక

వరంగల్లులో ఉమాకాంత్ పవర్‌లూమ్ షెడ్డులో అందరికంటే పాత కార్మికుడు రాయమల్లు. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. పోగు తెగినా, పోగును అటూ ఇటూ నడిపే నాడె సరిగ్గా పెట్టకపోయినా గోడలు అదిరేలా అరిచేవాడు. అరిచిన గడియకే మరిచిపోయి, తిట్టు తిన్నవాడికే తన టిఫిన్ డబ్బాలోంచి అన్నం పెట్టేవాడు.

ఆయనకు దుర్వాసుడని పేరు పెట్టింది పక్క మగ్గం భానుచందర్. శాపాలు పెట్టే ఆ ముని పేరు ఎప్పుడో కోపిష్ఠివాళ్లను వెక్కిరించే మాట అయిపోయింది కనుక ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. షెడ్డంతా దుర్వాస కాక అనడం మొదలుపెట్టింది. అన్నప్పుడల్లా ఆయన మండిపడేవాడు. ఆ మంట చూడడమే వాళ్లకు సరదా.

సరదా పెరిగింది. చెప్పులు దాచేవారు. అప్పుడే నేసిన బట్టమీద చాయ్ ఒలకబోసేవారు. ఆయన అరుస్తుంటే భానుచందర్ ఫోన్లో వీడియో తీస్తూ, "కాకా, జర గట్టిగ! శాపం పెట్టు, శాపం!" అనేవాడు. ఆ వీడియోలు వాడంతా తిరిగాయి. కూరగాయల బండి దగ్గర పిల్లలు ఆయనకు దండం పెట్టి, "శపించకు సామీ" అని ఉరికేవారు.

భార్య రమ బతిమాలింది. "నువ్వు నోరు మూసుకుంటే వాళ్లే ఊకుంటరు. జర ఓపిక పట్టు."

పట్టాడు. ఏం చేసినా పళ్లు బిగించుకుని మగ్గం వైపే చూశాడు. షెడ్డులో వాళ్లకు పొద్దు తోచకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో పనిచేసే కుర్రాడు మధు మగ్గం కింద బెల్టుకు దారం చుట్టుకుంది. మధు మోటారు ఆపకుండానే వంగి, చెయ్యి లోపలికి పెట్టాడు. అవతలి వరసలోంచి రాయమల్లు చూశాడు.

"అరేయ్ మధూ! బంద్ చెయ్యి! తియ్యిరా! చెయ్యి పోతదిరా నీది!"

మగ్గాల చప్పుడును మించి ఆ కేక అందరికీ వినబడింది. ఒక్కరూ స్విచ్ వైపు కదల్లేదు. "వచ్చిండు, దుర్వాసుడు మళ్ల వచ్చిండు" అని ఈలలు వేశారు. భానుచందర్ ఫోన్ ఎత్తాడు. మధు కూడా చెయ్యి తియ్యకుండానే తల తిప్పి ఇకిలించాడు. రాయమల్లు "చెయ్యి పోతదిరా నీది!" అని మళ్లీ అరుస్తూ పరుగెత్తి స్విచ్ అందుకునేలోపే ఆ ఇకిలింపు అరుపైంది.

కుడిచేతి వేళ్లు పోయాయి.

సాయంత్రానికి వీడియో ఇల్లిల్లూ చేరింది. అందులో బెల్టు లేదు, మధు వంగడం లేదు. మెడ నరాలు ఉబ్బిన రాయమల్లు మొహం ఒక్కటే, "చెయ్యి పోతదిరా నీది" అంటూ. ఇన్నాళ్లూ నవ్వుకున్నవాళ్లు ఇప్పుడు నమ్మారు. "నోట్లె విషమున్నది ఆయనకు. అన్నడు, అయింది" అన్నారు. ఆయన ఎదురైతే ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

షెడ్డు యజమాని ఉమాకాంత్ పిలిపించి, తల ఎత్తకుండా చెప్పాడు. "నాకైతే నమ్మకం లేదే రాయమల్లన్నా. కని నువ్వుంటే ఒక్కడు సుత పనికి వస్తనంటలేడు."

మర్నాడు రాయమల్లు దవాఖానకు వెళ్లాడు. మధు తల్లి మొగిలమ్మ మందుల కోసం కిందికి పోయింది. ఆయన మంచం పక్కన నిలబడ్డాడు.

"నేను చెప్పింది నీకు ఇనబడలేదారా?"

మధు కట్టు వైపే చూస్తున్నాడు. "ఇనబడ్డది కాకా. నవ్వొచ్చింది."

"గా మాట అందరికి చెప్పు బిడ్డా. శాపం కాదు, తియ్యమన్నడని చెప్పు."

"నడిచే మిషన్ల చెయ్యి పెట్టిన్నంటే తప్పు నాదైతది, సేటు పైసలియ్యడు. రేపు నన్నెవరు చూస్తరు?"

అంతలో మొగిలమ్మ వచ్చింది. ఆయనను చూడగానే మందుల సంచి కింద పడేసింది. "ఇంకేం మిగిలిందని వచ్చినవ్? వాని రెండో చెయ్యి కోసమా?"

వార్డంతా తిరిగి చూసింది. రాయమల్లు మధు మొహంలోకి చూశాడు. ఒక్క మాట చాలు. మధు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"అమ్మా, ఆయన్ని పొమ్మను."

రాయమల్లు ఏదో అనబోయి నోరు తెరిచాడు. పక్క మంచం మీది ఆమె గబుక్కున తన బిడ్డ మొహానికి కొంగు కప్పింది. ఆయన నోరు మూసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.