ముదురాకుపచ్చ గౌను

నా దగ్గరికొచ్చేవాళ్ళందరిదీ ఒకటే జబ్బు. నలుపు తెలుపు ఫొటో తెచ్చి కంప్యూటర్లో రంగులెయ్యమంటారు, చివర్లో గొంతు తగ్గించి "మనిషిని కాస్త తెల్లగా చెయ్యండి" అంటారు. పోయిన నాయనమ్మలకు తెలుపు పూసీ పూసీ విసుగెత్తిపోయాను. మా వీధి టైలరుగారు మాత్రం ఆ మాట అడగలేదు. అందుకే ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని మరీ పని మొదలుపెట్టాను.

ఫొటోలో ఇద్దరు పిల్లలు. పదకొండేళ్ళ ఆయన, ఐదేళ్ళ చెల్లెలు. అది తీయించిన గంటకే చెల్లెలు బజార్లో తప్పిపోయింది, మళ్ళీ దొరకలేదు.

"అమ్మ ఆస్పత్రిలో, నాన్న డ్యూటీలో ఉన్నారు. ఆ గౌను నేనే కొన్నా, కొట్లోనే తొడిగి ఫొటోకి తీసుకెళ్ళా. ఇంట్లో ఎవరూ దాన్ని చూడనేలేదు. ముదురాకుపచ్చ. పోలీసులకీ అదే చెప్పా," అన్నాడు. "పోయేలోగా ఒక్కసారి దాన్ని ఆ గౌనులో చూసుకోవాలి బాబూ."

ఆకుపచ్చ వేశాను. పాలిపోయినట్టు వచ్చింది. ముదురు చేస్తే కుచ్చిళ్ళన్నీ మునిగిపోయి గౌను కాస్తా మరకలా తయారైంది. ఎలాగోలా సరిపెట్టి ఇచ్చేస్తే ఆయన సంతోషంగా వెళ్ళేవాడు. కానీ తెలిసిందంతా కక్కితే గానీ నాకు తోచదు.

"ఇది ముదురు రంగు కాదండీ. తెల్ల కాలరుకీ దీనికీ పెద్ద తేడా లేదు చూడండి. ముదురాకుపచ్చయితే ఇంచుమించు ఫొటోలో మీ జుట్టంత నల్లగా పడాలి."

"నలభై ఏళ్ళు బట్టలు కుట్టినవాణ్ణి. రంగుల గురించి నాకు చెప్తావా?"

పంతం వచ్చింది నాకు. లేత గులాబీ వేసి చూపించాను. "నీ మొహం," అన్నాడు. లేత నీలం వేస్తే నవ్వాడు. తర్వాత పసుపు వేశాను. గౌను మీద చక్కగా కూర్చుంది. నా పనితనానికి నేనే మురిసిపోయి ఆయన వైపు తిరిగాను.

ఆయన నవ్వడం లేదు.

"చెల్లి పసుపుదే కావాలని మారాం చేసింది," అన్నాడు. "నేను ఆకుపచ్చదన్నా. కొట్లో పెద్ద గొడవ. నా మాటే నెగ్గిందనుకున్నా, ఇన్నేళ్ళూ."

నాలుక కరుచుకున్నాను. "పాత ఫొటోలండీ, వెలిసిపోతాయి, నమ్మడానికి లేదు. ఆకుపచ్చే వేసిస్తా," అని మౌసు పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మూడోనాడు పక్క టౌను పోలీసులు కబురంపారు. ఓ పిల్ల దొరికింది, భయంతో నోరు విప్పట్లేదు, పసుపు గౌను వేసుకుందని. రెండు రోజులు తిరిగి తిరిగి నాన్నకి కాళ్ళు వాచిపోయాయి. అయినా చెప్పులేసుకున్నాడు. మన పిల్లేనంటావా అని నన్నడిగాడు."

తెర మీంచి చూపు తిప్పలేదాయన.

"కాదు నాన్నా, మనది ఆకుపచ్చ అన్నా. చెప్పులు విప్పేశాడు."