జాయింటు ఫొటో

పద్నాలుగేళ్ల తర్వాత మొగుడు వాకిట్లోకి వచ్చి నిలబడి, "ఫొటో దిగాలి, కాస్త వస్తావా?" అంటే ఏ ఆడమనిషైనా ఏమనుకోవాలి? పాపాయమ్మ మాత్రం చేతిలో మామిడి అంటు కింద పెట్టకుండానే, "మంచినీళ్లు తాగుతారా అండీ?" అంది.

కడియం నర్సరీల్లో ఆవిడ కట్టిన అంటుకి పేరుంది. వేరువేరు చెట్ల కొమ్మల్ని కలిపి బతికించే చెయ్యి. సొంత కాపురం సంగతి వేరు.

ఏసురాజు మాస్టారు నీళ్లు తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నారు. "జూన్‌లో రిటైరైపోతున్నాను. పెన్షన్ కాగితాలకి భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో అడుగుతున్నారు. నా తర్వాత నీకు రావాలంటే అది ఉండాలంట."

నా తర్వాత! బతికుండగా కలిసి ఉందామని అనని మనిషి, పోయాక జరగాల్సింది చూస్తున్నాడు. పాపాయమ్మకి నవ్వాలో ఏడవాలో తెలీక చీర మార్చుకోడానికి లోపలికి పోయింది.

నిజానికి వాళ్ల మధ్య తగవేమీ లేదు. ఉంటే బాగుండేది, ఏ పాస్టరుగారో కూర్చోబెట్టి తీర్చేవారు. ఎనభై ఒకటిలో ఆయనకి కాకినాడ బదిలీ అయింది. మంచానపడ్డ తల్లిని వదల్లేక ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. నాలుగేళ్లకి తల్లి పోయింది. సమాధి కార్యక్రమానికి వచ్చిన మాస్టారు మూడోనాడు బస్సెక్కుతూ "జాగ్రత్త" అన్నారే గాని "వచ్చెయ్" అనలేదు, ఆ తర్వాత మళ్లీ రానూ లేదు. పిలవకుండా ఎలా వెళ్తానని ఈవిడ, రావాలనుంటే రాదా అని ఆయన. ఇద్దరూ ఇద్దరే. ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు మాత్రం వచ్చేది. అందులో ఒక వాక్యం, కింద ఆయన సంతకం. ఆ సంతకం చూసుకుంటూ ఆవిడ పండగ వెళ్లదీసేది.

స్టూడియోలో బుజ్జిబాబు ఇద్దర్నీ జలపాతం బొమ్మ ముందు బెంచీ మీద కూర్చోబెట్టాడు. "రీల్లో ఒక్కటే మిగిలిందండి, కదలకండి. ఇంకాస్త దగ్గరికి జరగాలండి."

జరిగారు. భుజానికి భుజం తగిలింది. ఆయన చొక్కాకి ఇంకా అదే సుద్దముక్కల వాసన. బుజ్జిబాబు ఆ మీట నొక్కకుండా సాయంత్రం దాకా అలాగే వంగి నిలబడితే బాగుండుననిపించింది. కాసేపు కూర్చుందామా అని మొగుణ్ణి అడగాలనిపించింది. అడగలేదు. అడగకపోవడంలో ఆవిడకి పద్నాలుగేళ్ల అనుభవం ఉంది.

సంతకం కోసం మాస్టారు కాగితం ముందు పెట్టారు. పాపాయమ్మ చూపు ఒకేచోట ఆగింది. పెన్షన్ ఎక్కడ తీసుకుంటారు అన్నచోట, గుండ్రటి అక్షరాల్లో, కాకినాడ అని ఉంది. అంటే రిటైరయ్యాక కూడా రాడన్నమాట. పొద్దుట్నుంచీ లోపల్లోపల కట్టుకున్న ఆశంతా కూలిపోయింది. మారుమాట్లాడకుండా సంతకం పెట్టేసింది. కాగితం జేబులో పెట్టుకుని, "ఫొటోలు బుధవారం ఇస్తాడంట, పోస్టులో పంపెయ్. రాగానే ఇది కూడా కలిపి ఆఫీసులో ఇచ్చేస్తా" అని చెప్పి ఆయన బస్సెక్కేశారు.

బుధవారం వెళ్తే బుజ్జిబాబు బుర్ర గోక్కున్నాడు. "సార్ చూపు పక్కకి పోయిందండి. ఆఫీసువాళ్లు ఒప్పుకోరు. మళ్లీ తియ్యాలి."

పాపాయమ్మ ఫొటో అందుకుంది. అందులో తను కోర్టులో సాక్ష్యానికి వచ్చినదానిలా బిగుసుకుని కెమెరాకేసి చూస్తోంది. ఆయన కెమెరాని చూడట్లేదు. తననే చూస్తున్నాడు. ఎండన పడి వచ్చినవాడు నీళ్లకుండకేసి చూసినట్టు చూస్తున్నాడు.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఇంత చూపు కళ్లలో పెట్టుకుని, గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లిపోతాడా! అంతలోనే కళ్లమ్మట నీళ్లు కారాయి. మరి తను మాత్రం, ఒక్కసారి అటు తిరిగి చూసిందా?

తిన్నగా ఎస్టీడీ బూత్‌కి వెళ్లి కాకినాడలో ఆయన బడికి ఫోన్ చేసింది. ప్యూను మాస్టార్ని పిలుచుకొచ్చాడు.

"ఫొటో పాడైందండీ. మళ్లీ దిగాలంట."

"అయ్యో. సరే, ఆదివారం వస్తాను."

"ఆ కాగితం కూడా పట్టుకురండి. ఒకచోట తప్పు రాశారు."

"తప్పేంటి? రెండుసార్లు చూసుకున్నానే!"

"పెన్షన్ తీసుకునే ఊరు." అందావిడ. "కాకినాడ కొట్టేసి రాజమండ్రి అని రాయండి. ఇంక వచ్చెయ్యండి, మన ఇంటికి."

అవతల బడిగంట కొట్టారు, పిల్లల గోల లేచింది, సద్దుమణిగింది. ఆవిడ రిసీవరు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

అప్పుడు అన్నారు మాస్టారు.

"జూన్ దాకా ఆగాలా, పాపాయ్?"