ఫిర్యాదు లేని అతిథులు

మధ్యాహ్నం దాకా ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. టేపు మేడమ్‌కి భోజనం సహించలేదు.

ఆమె విదేశాంగ శాఖలో ప్రోటోకాల్ అధిపతి. పరాయి దేశాల పెద్దల్ని ఏ గుమ్మం దగ్గర కారు దింపాలో, ఎవరి పక్కన కూర్చోబెట్టాలో, ఎవరి జెండా ఏ వైపు నిలపాలో తేల్చేది ఆమే. చేతిసంచిలో ఎప్పుడూ కొలతల టేపు ఉంటుంది. ఆ పేరు అలా వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె వల్ల ఒక్క పొరపాటూ జరగలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోదు గానీ, ఎవరైనా మర్చిపోతే మాత్రం ఊరుకోదు.

విదేశాంగ మంత్రి ఆమె సొంత తమ్ముడు. తమ్ముడి చలవతో ఆమెకు ఉద్యోగం వచ్చిందని ఊరంతా అనుకుంటుంది. అతను నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఆమె ఉద్యోగంలో చేరింది. ఆఫీసులో అతను ఆమెను మేడమ్ అంటాడు, ఆమె అతన్ని మంత్రిగారూ అంటుంది. ఇంట్లో అక్కా, ఒరేయ్.

మర్నాడు ఉదయం రేవు వేలం. దేశానికి ఉన్నది ఒకే ఒక్క రేవు. దాన్ని ముప్పై ఏళ్ళ పాటు కౌలుకు అడుగుతున్న దేశాలు రెండు. ఆఫీసులో వాటికి ముద్దుపేర్లున్నాయి. ఒకటి పెద్దిల్లు. సముద్రాలన్నీ తన వాకిలే అన్నట్టు తాతల నాటి నుంచి పెత్తనం చేస్తున్నది. ఇంకొకటి కొత్తిల్లు. నిన్నమొన్నటి దాకా బొమ్మలూ చెప్పులూ అమ్ముకుని, ఇప్పుడు ఓడలూ రైళ్ళూ కట్టి, అందరికీ అప్పులిచ్చే స్థాయికి ఎదిగింది. రెండిళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఆ మంట మీద చలి కాచుకుందామన్నది తమ్ముడి ఆలోచన. ఇద్దరూ ఒకే వేదిక మీద, కెమెరాల ఎదుట, సీలు వేసిన కవర్లలో కౌలు ధర ఇవ్వాలి. ఎక్కువ రాసినవాళ్ళతో అక్కడికక్కడే సంతకం. ఇద్దరూ ఉంటేనే వేలమనీ, మళ్ళీ వెనక్కి తగ్గడానికి వీల్లేదనీ పార్లమెంటు చేత తీర్మానం కూడా చేయించాడు. తన తెలివికి తానే ముచ్చటపడి ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఆమెను తినేస్తున్నది వేరే సంగతి. ఈ రెండిళ్ళూ ఒక చోట చేరినప్పుడల్లా ఆమె ఫోనుకు ఊపిరాడేది కాదు. వాళ్ళ కారు మా కారు కన్నా జానెడు పొడుగట కదా. వాళ్ళ గదికి రెండు కిటికీలెందుకు, మాకు ఒకటే ఎందుకు. ఒకసారి పూలగుత్తిలో గులాబీలు ఎంచి మరీ గొడవకొచ్చారు. ఈసారి రెండు బృందాలూ అతిథి గృహంలో దిగి రోజు దాటింది. పక్కవాడికి ఏ గది ఇచ్చారని ఎవరూ అడగలేదు.

ఆ మాటే వెళ్ళి తమ్ముడికి చెప్పింది.

అతను అద్దంలో చూసుకుంటూ టై సరిచేసుకుంటున్నాడు. పెద్దవాళ్ళయ్యారు, మర్యాద నేర్చుకున్నారు, సంతోషించక ఈ అనుమానాలేమిటన్నాడు. పెళ్ళివారు అలగకపోతే అక్కకి తోచదని వెక్కిరించాడు కూడా.

"అలిగేవాళ్ళు అలగలేదంటే, లోపల్లోపల మాట్లాడేసుకున్నారని అర్థం," అందామె.

"ఎవరితో?"

"ఒకళ్ళతో ఒకళ్ళు."

అతను నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఒక్క పని చెయ్యనివ్వమంది. సాయంత్రం తేనీటి విందులో తను ఏం చేసినా అడ్డు చెప్పొద్దంది.

విందు హాల్లో మూడు కుర్చీలు వేయించింది. మధ్యది మంత్రిది. కుడివైపుది పెద్దింటి ప్రతినిధిది. ఎడమవైపు కొత్తింటి ప్రతినిధికి పిల్లల గ్రంథాలయం నుంచి తెప్పించిన కుర్చీ వేయించి, పైన పట్టుగుడ్డ కప్పించింది. టేపు పెట్టి చూసుకుంది. మిగతావాటి కన్నా బెత్తెడు తక్కువ.

కొత్తింటి ప్రతినిధి భారీ మనిషి. కూర్చోగానే మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. టీ కప్పు అందుకోవాలంటే చెయ్యి పైకి చాపాల్సి వస్తోంది. వెనకటికైతే ఈపాటికి ఆయన రాయబారి ఆమెను మూలకు పిలిచి, ఇది యుద్ధానికి సమానమని చెప్పి ఉండేవాడు. ఈసారి ప్రతినిధి హాయిగా టీ తాగి, చాలా సౌకర్యంగా ఉందన్నాడు. అవతలి పెద్దింటాయన ఆ దృశ్యాన్ని చూసి కూడా చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. పండగ చేసుకోవాల్సిన మనిషి.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు.

మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"రేపు ఇద్దరూ నామమాత్రపు ధర రాస్తారు, అంతేనా?"

"ఒకడు రూపాయి రాస్తే ఇంకొకడు అర్ధరూపాయి రాస్తాడు. రేవు ఈసారి వీళ్ళకి, ఇంకో దేశంలో ఇంకోటేదో వాళ్ళకి. పంచుకోవడం అయిపోయింది."

వాయిదా వేద్దామన్నాడు. మనం వేస్తే ఇద్దర్నీ అవమానించినట్టు, పెద్దింటివాళ్ళు గోధుమల ఓడలు ఆపేస్తారు, కొత్తింటివాళ్ళు అప్పు తిరిగి అడుగుతారు, అని తనే జవాబు చెప్పుకున్నాడు. తీర్మానం మాట గుర్తొచ్చి నుదురు రుద్దుకున్నాడు. సంతకం పెడితే ముప్పై ఏళ్ళు రేవు పోయినట్టే. తన పదవి ముప్పై రోజులు కూడా ఉండదు.

"వాళ్ళంతట వాళ్ళు లేచి పోవాలి," అందామె.

"ఎందుకు పోతారు?"

"అది నువ్వు తెలుసుకోకు. నీకు నటించడం రాదు."

మర్నాడు ఉదయం వేదిక మీద జెండా స్తంభాలు మూడు నిలిచాయి. జెండాలు చుట్టి కట్టి పైన ఉంటాయి. తాడు లాగితే విచ్చుకుంటాయి. కట్టడం సిబ్బంది పని, సరిచూడడం ఆమె పని. ఆ రోజు సిబ్బందిని పూలకుండీల దగ్గరికి పంపించి, పెద్దింటి జెండాను తనే విప్పి తనే మళ్ళీ కట్టింది. తరవాత చేతులు తుడుచుకుని తన చోట నిలబడింది.

బ్యాండు మోగింది. తాళ్ళు లాగారు. స్వదేశం జెండా విచ్చుకుంది. కొత్తింటి జెండా విచ్చుకుంది. పెద్దింటి జెండా తలకిందులుగా విచ్చుకుంది. పైన ఉండాల్సిన నక్షత్రం కిందికి వచ్చి గాలికి ఊగింది. కెమెరాలన్నీ అటు తిరిగాయి.

పెద్దింటి ప్రతినిధి దాన్ని చూశాడు. కోపం తెచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదని ఆమెకు స్పష్టంగా తెలిసింది. జేబులో కవరు తడుముకున్నాడు. కానీ ఆ నిమిషాన ఆయన దేశంలో ప్రతి ఇంటి టీవీలోనూ ఆ నక్షత్రం వేలాడుతోంది. అక్కడ మూడు నెలల్లో ఎన్నికలు. ఆయన నిట్టూర్చి, లేచి, కోపం తెచ్చుకుని, బృందంతో సహా బయటికి నడిచాడు. కొత్తింటాయన కవరు పట్టుకుని ఒంటరిగా మిగిలాడు. ఇద్దరూ లేనిదే వేలం లేదన్నది తీర్మానం.

తమ్ముడు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నటన ఏమాత్రం కాదు.

గంటలోపే మైకు ముందుకొచ్చి, ఇది ఒక అధికారి ఘోరమైన నిర్లక్ష్యమనీ, ఆమెను ఉద్యోగంలోంచి తొలగించామనీ ప్రకటించాడు. మాట్లాడడం అయ్యాక ఎటు దిగాలో చెప్పేవాళ్ళు లేక కాసేపు అక్కడే నిలబడ్డాడు.

తరవాతి కథ ఆమె ఇంట్లో కూర్చుని పేపర్లలో చదువుకుంది. పెద్దింటివాళ్ళకు ఒక అనుమానం మొదలైంది. తలకిందులైంది మా జెండానే ఎందుకు, కొత్తింటివాళ్ళది ఎందుకు కాలేదు? కొత్తింటి జెండా మధ్యలో ఒక గుండ్రటి చుక్క మాత్రమే. ఎటు కట్టినా అలాగే ఉంటుంది. అందుకే ఆమె దాని జోలికి పోలేదు. అంత చిన్న కారణం పెద్దింటివాళ్ళ బుర్రకు తట్టలేదు. వేలం ఆపి, చాటుగా రేవు కొట్టేయడానికి కొత్తింటివాళ్ళే ఆ అధికారిని కొనేశారని తేల్చుకున్నారు. కొత్తింటివాళ్ళు ఒట్టేసి కాదన్నారు. దాంతో అనుమానం రూఢి అయింది. లోపల కుదిరిన పంపకం చెడింది. రెండో వేలంలో ఇద్దరూ కసి కొద్దీ రాశారు. తమ్ముడు ఆశించిన ధరకు రెట్టింపు వచ్చింది.

రెండో వేలం ముగిశాక వచ్చిన ఆదివారం అతను అమ్మ దగ్గరికి భోజనానికి వచ్చాడు. అమ్మ నీళ్ళు తేవడానికి వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించాడు.

"ఆర్నెల్లు ఓపిక పట్టక్కా. గొడవ చల్లారాక మళ్ళీ తీసుకుంటాను."

"తీసుకోవద్దు."

"ఏం?"

"తీసుకున్న రోజునే వాళ్ళకి అంతా అర్థమైపోతుంది. ముప్పై ఏళ్ళ ఒప్పందం రా అది. ముప్పై ఏళ్ళూ నేను పనికిమాలినదాన్నిగానే ఉండాలి."

అమ్మ చెంబుతో తిరిగొచ్చి కూర్చుంది. ఆవిడకు తెలిసిందల్లా టీవీలో చూసిందే. ఆ రోజు నుంచి ప్రతి పూటా అదే పాట.

"అంత చదువుకుని జెండా కట్టించడం చేతకాలేదు. వాడి పరువు తీశావు గదే."

తమ్ముడు తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె బల్ల కింద అతని కాలు గట్టిగా తొక్కింది.

"చూసుకోవాల్సిందమ్మా," అంది. "ఆ రోజు ఏదో ధ్యాసలో ఉన్నాను."