డి డ్రైవు ఎవరిది

అనంతరామయ్య కళ్ళజోడు సర్దుకుని కంప్యూటర్ తెర మీదికి వంగాడు. నిన్నటిదాకా తనది డి డ్రైవు. ఇవాళ పొద్దున చూస్తే ఇ అయి కూర్చుంది.

ఢిల్లీలో అశోకా రోడ్ వెనక సందులో తెలుగు పెళ్ళిపత్రికలు, సావనీర్లు కంపోజ్ చేసే గది అది. ఇద్దరు పనివాళ్ళకు ఒకటే పాత కంప్యూటర్. పొద్దున అనంతరామయ్య, మధ్యాహ్నం నుంచి ఉదయ్‌కిరణ్. లోపల రెండు చిన్న డిస్కులు. మొదటిది సి, అందులో ప్రోగ్రాములు. రెండోదాన్ని రెండు భాగాలు చేసి, పెద్దవాడికి డి, చిన్నవాడికి ఇ అని అనంతరామయ్యే పంచాడు. నిన్న యజమాని నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారు నుంచి మూడో డిస్కు తెప్పించాడు, అదీ సెకండ్‌హ్యాండ్‌దే. ఉదయ్ బిగించాడు. ఇప్పుడు అదే డి, పాతవి ఒక్కో అక్షరం కిందికి జరిగాయి.

దాంట్లో తెలియని పేరుతో ఒకటే పెద్ద ఫైలు. ఉదయ్ కొత్త పుస్తకానికి గీస్తున్న అట్టబొమ్మలే అయుంటాయి. అట్ట అదిరిందని యజమాని వాడి భుజం తట్టినప్పటి నుంచి అనంతరామయ్యకు అన్నం సయించడం లేదు. ఢిల్లీ తెలుగువాళ్ళ చిరునామాల పుస్తకం అది. ఆదివారాలన్నీ డీటీసీ బస్సుల్లో వేలాడుతూ, ఇల్లిల్లూ తిరిగి పేర్లు పోగేసింది తను. ఆ పేజీలన్నీ తన డ్రైవులోనే ఉన్నాయి. కాపీ తీస్తానని ఫ్లాపీలు అడిగితే యజమాని రేపు, రేపు అంటున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం మీద తన పేరు పడబోతోంది. మెచ్చుకోలు మాత్రం వాడికి!

చిత్తుకాగితం మీద గళ్ళు గీసి చూసుకున్నాడు. కొత్త డిస్కును చెరిపి ఇంకో రకంగా భాగం చేస్తే దాని అక్షరం చివరికి పోతుంది, తన డి తనకొస్తుంది. లోపలున్నదంతా పోతుంది, సరేనా అని మెషీన్ అడిగింది. పోతే పోనీ, వాడే మళ్ళీ గీసుకుంటాడు. అవునని వై నొక్కి, ఫార్మాట్ కూడా చేసి, తృప్తిగా టీ తాగాడు.

మధ్యాహ్నం ఉదయ్ మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"అంకుల్, చెప్పి పోదామని వచ్చా, ఇక్కడ నిన్నటితో లాస్ట్. నోయిడాలో జాబ్ వచ్చింది."

"అచ్ఛా," అన్నాడు అనంతరామయ్య. జీతమెంతో అడగాలనిపించింది. వింటే తట్టుకోలేనని ఊరుకున్నాడు.

"మీ పాత డిస్కు కరకరమంటోంది అంకుల్, ఎప్పుడు పోతుందో. అందుకే నిన్న మీ బుక్కంతా ఒకే ఫైలుగా కట్టి కొత్తదాన్లో పెట్టేశా. డి మీకే ఉండాలిగా, అందుకని దాన్నే డి చేశా. కాస్త జరగండి, విప్పి సర్దేసి పోతా."

అనంతరామయ్య కుర్చీలోంచి లేవలేదు.

"నే చూసుకుంటాలే. నీకు బస్సు దొరకదు, వెళ్ళు."

ఉదయ్ ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

వాడు మెట్లు దిగీ దిగకముందే ఆయన తన పేజీలను పాత డిస్కులోంచి కొత్తదాన్లోకి కాపీ చేయడం మొదలుపెట్టాడు. ఒక పేట పేర్లు వచ్చాయి. రెండో పేట దగ్గర పాత డిస్కు గట్టిగా గీరుకుని ఆగిపోయింది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టినా అది పలకలేదు.

కిటికీలోంచి చూస్తే ఉదయ్ ఇంకా బస్‌స్టాప్‌లోనే నిలబడి ఉన్నాడు. కేకేస్తే వినపడేంత దూరం. వాడైతే ఏదో ఒకటి చేసేవాడే. కానీ ఏం చేశానో వాడికి చెప్పాలి. బస్సు వచ్చింది, వాడు ఎక్కాడు.

ఆయన పాత డిస్కును విప్పి బల్ల మీద పెట్టాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది.