తెరిచి చూడని బోర్డు

తిరుపతి బస్టాండు వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న, తయారుచేసిన ప్రాజెక్టులు అమ్మే సెంటరుకు లోహిత వెళ్లేసరికి ఏడెనిమిది మంది విద్యార్థులు వరుసలో నిలబడి ఉన్నారు. ఎవరి ముఖంలోనూ బెరుకు లేదు. మందుల షాపులో చీటీ చూపించినట్టు అంశం పేరు చెప్పి, పెట్టె, రిపోర్టు తీసుకుని దిగిపోతున్నారు.

లోహిత ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో ఎం.టెక్. చివరి సంవత్సరం చదువుతోంది. కాణిపాకం దగ్గర పల్లెలో చెరకు పండించే మునెయ్య కూతురు. బోరు మోటారును ఫోనుతో నడిపే పరికరం సొంతంగా చేయాలని ఆరు నెలలు కష్టపడింది. రెండు బోర్డులు కాలిపోయాయి. ఎందుకు కాలాయో విప్పి చూపించేవారు లేరు. గైడు జయరావు కింద పద్దెనిమిది మంది ఉన్నారు.

"రెండు వారాల్లో వైవా పెట్టుకోని ఇప్పుడొచ్చి కాలిపోయిందంటే ఎట్లమ్మా?" అన్నాడాయన ఫైలులోంచి తలెత్తకుండా. "మిగతా వాళ్లు యాడ తెస్తాండారో నీకు తెలీదా?"

అలా వచ్చింది ఆమె ఆ సందుకు.

హాస్టలు గదిలో కొన్న పెట్టెకు కరెంటు ఇవ్వగానే లోపల మోటారును ఆన్ చేసే రిలే స్విచ్చు టక్కుమంది. దానికి కలిపిన చిన్న మోటారు, ఎవరూ నొక్కకుండానే రెండు క్షణాలు తిరిగి ఆగింది. ప్లగ్గు తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. లోపలి ప్రోగ్రాము తాను రాసింది కాదు. ఎక్కడ తప్పుందో వెతకాలంటే మొదటి నుంచీ నేర్చుకోవాలి. రిపోర్టు బట్టీ పట్టడానికే రోజులు చాల్లేదు.

వైవాకు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ చప్పుడు విన్నాడు.

"నువ్వు ఆన్ చేయకముందే తిరిగిందేంటమ్మా?"

"సెల్ఫ్ టెస్ట్ సార్. బాగుందో లేదో అదే చూసుకుంటుంది."

అంత నిబ్బరంగా ఎలా అబద్ధమాడిందో ఆమెకే తెలియలేదు. ఆయన తలూపి మార్కులు వేసుకున్నాడు. డిస్టింక్షన్ వచ్చింది.

మునెయ్య ఆ పెట్టెను ఇంటికి తెప్పించుకుని, ఎలక్ట్రీషియన్ చేత బోరు దగ్గర బిగించుకున్నాడు. అది పొలానికి పనికిరాదని లోహిత చెబితే నవ్వేశాడు. కొన్నానని మాత్రం ఆమె చెప్పలేదు. అప్పటికే ఊరంతా తిరిగి, "మా బిడ్డ చేసింది అప్పా," అని చెప్పుకున్నాడు మరి.

ముందైతే వైరు ముట్టుకోవాలంటే మునెయ్య కరెంటు రాకుండా మూడు ఫీజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఒకరోజు ఫోనులో, "ఇంక ఆ పని ల్యా పాపా. ఫోను నుంచే ఆఫ్ చేసేస్తాండా," అన్నాడు.

"అయినా ఫీజులు తీసెయ్ నాయనా."

"నువ్వు చేసినదాని మీద నీకే నమ్మకం లేదా?"

లోహిత మాట మార్చేసింది. చెప్పడానికి ఆమెకు దొరికిన చివరి అవకాశం అదే.

పది రోజుల తర్వాత, పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. ఇదే అదనని మునెయ్య ఫోనులో ఆఫ్ నొక్కి, తడి కాలువ గట్టున కూర్చుని, వదులైన కేబులు అతుకు సరిచేద్దామని విప్పాడు. అంతలో కరెంటు వచ్చింది. గట్టు మీది పెట్టె టక్కుమంది. పక్క పొలం రైతు ధనశేఖర్ పరుగెత్తుకొచ్చేసరికి మునెయ్య దూరంగా విసిరేసినట్టు పడి ఉన్నాడు. కుడిచెయ్యి నల్లబడిపోయింది.

ప్రాణం దక్కింది. మూడు వేళ్లు తీసేశారు.

ఆసుపత్రిలో తల్లి కుప్పమ్మ ఎదుటే లోహిత చెప్పింది. "అది నేను చేసింది కాదు నాయనా. కొన్నాను. కరెంటు రాగానే అది తిరుగుతుందని నాకు ముందే తెలుసు."

మునెయ్య కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు.

"నువ్వు చేసింది కాదని ఒక్క మాట చెప్పింటే, నేను ఫీజులు తీసి పెట్టుకోనుందును కదమ్మా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. "ధనశేఖర్ నన్ను సూసి అట్లాంటిదే తెప్పించి బిగించుకున్నాడు. నువ్వు ముందు పోయి అది పీకించు."

ఆ సాయంత్రమే లోహిత ధనశేఖర్ పొలానికి వెళ్లి, నిజం చెప్పి, దగ్గరుండి ఆ పెట్టె తీయించింది.

మరుసటి యేడు వైవాలకు వారం ముందు ఆమె జయరావు గదికి వెళ్లింది. జరిగింది విద్యార్థులకు చెబుతానని ఆమె అడగగానే ఆయన కళ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టాడు. కాదనలేకపోయాడు. తనే ముందు నడిచి క్లాసుకు తీసుకెళ్లాడు. బల్లల మీద వరుసగా పెట్టెలున్నాయి. వాటిలో నాలుగు ఏ సందులోంచి వచ్చాయో లోహిత చూడగానే పోల్చుకుంది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. నలుగురు తలలు దించుకున్నారు. జయరావు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఇవి రేపు ఎవరి పొలంలోకి పోతాయో, ఏ ఆసుపత్రిలోకి పోతాయో మీకు తెలీదు," అంది లోహిత. "నాకు రాదని ఒప్పుకుంటే మనకు పోయేది ఒక్క యేడు. వచ్చినట్టు నటిస్తే, పోయేది మనల్ని నమ్మినవాళ్ల ప్రాణం."